చొక్కా జేబు మీది బ్యాడ్జీలు: మా సేకరణ గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

తిరుపతిలో మేం రాజకీయ, ఉద్యమ బ్యాడ్జీలు దాచి ఉంచిన గదికి కొత్తగా వచ్చినవాళ్లు అద్దాల చట్రాలు చూసి, "ఇంత చిన్న రేకు ముక్కల్లో ఏముంది సార్?" అంటారు. కాసేపటికి ఆ మనిషే ఏదో ఒక చట్రం ముందు ఆగిపోయి, "ఇట్లాంటిది మా నాయన పెట్టుకునేవాడు" అంటాడు. ఆ మాట కోసమే ఈ గది నడుపుతున్నాం. వచ్చేవాళ్లు, ఫోన్లు చేసేవాళ్లు మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలకు జవాబులు ఇక్కడ రాసి పెట్టాం.

బ్యాడ్జీ అంటే మీ లెక్కలో ఏమిటి?

చొక్కాకో, చీర కొంగుకో గుచ్చుకుని "నేను ఫలానా వైపు" అని ఎదుటివాళ్లకు చెప్పేది ఏదైనా బ్యాడ్జీయే. మా దగ్గర ఎక్కువ భాగం వెనక పిన్ను ఉండే గుండ్రటి రేకు బ్యాడ్జీలు. వాటితో పాటు రిబ్బను పువ్వు కింద రెండు తోకలు వేలాడే వాలంటీరు బ్యాడ్జీలు, మహాసభల ప్రతినిధులకు ఇచ్చిన అట్ట బ్యాడ్జీలు, కార్మిక సంఘాల ఇత్తడి బ్యాడ్జీలు, సమ్మెల్లో పెట్టుకున్న నల్ల రిబ్బను ముక్కలు ఉన్నాయి. డిసెంబరు 7న సాయుధ దళాల పతాక దినోత్సవానికి పిల్లలు గుండుసూదితో గుచ్చుకునే కాగితపు జెండాలూ కొన్ని ఉంచాం. 1949 నుంచి జరుగుతున్న కార్యక్రమం అది. అందులో రాజకీయం లేదు గదా అని కొందరు అడిగారు. నిజమే. కానీ జేబు మీద ఒక గుర్తు గుచ్చుకుని నలుగురిలో తిరగడం మనలో చాలామంది నేర్చుకున్నది బళ్లోనే.

కండువాలు, టోపీలు, పెద్ద జెండాలు తీసుకోవడం లేదు. చోటు చాలదు.

రేకు బ్యాడ్జీ ఎలా తయారవుతుంది?

నాలుగు పొరలు. అడుగున చిన్న మూతలా ఉబ్బెత్తుగా ఉండే రేకు, దాని మీద అచ్చు వేసిన కాగితం, ఆ పైన పల్చటి ప్లాస్టిక్ పొర, వెనక పిన్ను బిగించిన మరో రేకు. చేతి మరలో మొదటి నొక్కుకు పై మూడూ అచ్చులోకి ఎక్కుతాయి. రెండో నొక్కుకు వాటి అంచులు లోపలికి మడుచుకుని వెనక రేకును పట్టేస్తాయి. జిగురు అక్కర్లేదు. 58 మిల్లీమీటర్ల బ్యాడ్జీకి కాగితాన్ని సుమారు 70 మిల్లీమీటర్లకు కత్తిరించాలి, మిగిలిందంతా మడతలోకి పోతుంది. కొత్తగా చేసేవాళ్లు ఇది మరిచిపోయి నాయకుడి పేరు అంచు దాకా వేస్తారు. మరలోంచి బయటికి వచ్చాక చూస్తే సగం పేరు వెనక్కి వెళ్లిపోయి ఉంటుంది.

ఆ మడత అంచును మేం భూతద్దంతో తప్పకుండా చూస్తాం. తయారు చేసినవాళ్లు తమ పేరో, ఊరి పేరో సన్న అక్షరాల్లో వేసేది అక్కడే. అమెరికా బ్యాడ్జీల మీద అచ్చు కార్మికుల సంఘం ముద్ర కూడా అక్కడే ఉంటుంది. కాగితం లేకుండా నేరుగా రేకు మీదే రంగులు అచ్చు వేసిన రకం ఇంకొకటుంది. అది చవక, పైన ప్లాస్టిక్ పొర ఉండదు కాబట్టి గీతలు త్వరగా పడతాయి.

ఇవి మొదట ఎక్కడ పుట్టాయి?

అమెరికాలో. 1789లో జార్జి వాషింగ్టన్ అధ్యక్షుడిగా ప్రమాణం చేసినప్పుడు జనం ఆయన పేరిట పోసిన ఇత్తడి గుండీలు కోటుకు కుట్టించుకున్నారు. 1860 ఎన్నికలకు లింకన్ ఫొటో ఉన్న బిళ్లలు వచ్చాయి. మనకు తెలిసిన పిన్ను బ్యాడ్జీ మాత్రం 1896 నాటిది. న్యూజెర్సీ రాష్ట్రం నెవార్క్ పట్టణంలోని వైట్‌హెడ్ అండ్ హోగ్ కంపెనీ ఆ ఏడాది దీనికి పేటెంటు తీసుకుంది. మెకిన్లీ, బ్రయన్ తలపడిన అధ్యక్ష ఎన్నికలు కూడా ఆ ఏడాదే రావడంతో బ్యాడ్జీలు దేశమంతా పారాయి.

ఆ నాటి బ్యాడ్జీల పై పొర సెల్యులాయిడ్. దూదిని ఆమ్లాలతో మార్చి, దానికి కర్పూరం కలిపి చేసేవారు. మా దగ్గర ఉన్న ఒక సెల్యులాయిడ్ బ్యాడ్జీ అంచును బొటనవేలితో వెచ్చబడేదాకా రుద్ది ముక్కు దగ్గర పెట్టుకుంటే, ఎక్కడో దూరంగా హారతి వెలిగించినట్టు సన్నగా కర్పూరం వాసన వస్తుంది. మొదటిసారి అది తగిలినప్పుడు నేను చాలాసేపు దాన్ని చేతిలోంచి దించలేదు. సముద్రాల అవతల చేసిన వస్తువు మా ఊరి వాసన వేసింది. (ఇప్పుడు మాత్రం రుద్దడం మానేశాం, ఎవరినీ రుద్దనివ్వం. ఎందుకో కింద భద్రపరచడం గురించిన జవాబులో రాశాను.)

ఎన్నికల బ్యాడ్జీ ఏ కాలానిదో ఎలా చెబుతారు?

మన బ్యాడ్జీల మీద సంవత్సరం వేయడం తక్కువ. గుర్తును బట్టి చెబుతాం. 1951 జనాభా లెక్కల్లో దేశంలో చదవను రాయను వచ్చినవాళ్లు నూటికి 18 మందే, కాబట్టి మొదటి ఎన్నికల నుంచీ పార్టీ పేరు కన్నా గుర్తుకే బలం. కాంగ్రెసునే తీసుకోండి. కాడెద్దులు ఉంటే 1952 నుంచి 1969లో పార్టీ చీలేదాకా. ఆవూ దూడా ఉంటే 1971 మొదలుకొని 1977 దాకా. హస్తం ఉంటే 1978 తర్వాత. నాగలి మోసే రైతు చక్రంలో నిలబడి ఉంటే అది జనతా పార్టీ. కమలం ఉంటే 1980లో భారతీయ జనతా పార్టీ పుట్టిన తర్వాతది. సైకిలు ఉంటే తెలుగుదేశం, అంటే 1982 మార్చి 29కి ముందుది అయ్యే ప్రశ్నే లేదు. కంకి కొడవలి, సుత్తి కొడవలి నక్షత్రం తేడా పెద్దవాళ్లకు చెప్పక్కర్లేదు గానీ ఇప్పటి పిల్లలకు చెప్పాల్సి వస్తోంది: మొదటిది సీపీఐ, రెండోది 1964లో విడిపోయిన సీపీఎం.

జనతా వాళ్ల హలధరుడి (నాగలి రైతు) బ్యాడ్జీ అంటే నాకు ప్రత్యేకమైన గౌరవం. 1977లో ఉత్తరాదిలో జనతా గాలి వీస్తే ఆంధ్రప్రదేశ్‌లో 42 లోక్‌సభ స్థానాల్లో 41 కాంగ్రెసుకే పోయాయి. జనతాకు దక్కిన ఆ ఒక్కటీ నంద్యాలలో నీలం సంజీవరెడ్డిది. అట్లాంటి ఏడు మన వీధుల్లో ఆ బ్యాడ్జీ పెట్టుకుని తిరిగిన మనిషికి, తన పక్కన నడిచేవాళ్లు తక్కువని తెలుసు. తెలిసే పెట్టుకున్నాడు.

తిరుపతి బ్యాడ్జీల్లో 1983వి అడిగి మరీ చూస్తారు. ఎన్టీఆర్ ఆ ఎన్నికల్లో గుడివాడలోనూ తిరుపతిలోనూ గెలిచారు. ఆ పక్కనే 2008 ఆగస్టు 26న తిరుపతి సభలో చిరంజీవి ప్రజారాజ్యం పార్టీని ప్రకటించినప్పటి బ్యాడ్జీలు ఉన్నాయి. ఆ పార్టీ 2011లో కాంగ్రెసులో కలిసిపోయింది. అంత తక్కువ కాలం బతికిన పార్టీ బ్యాడ్జీలను జనం పారేయకుండా ఉంచుకోవడం చూస్తే, సభకు ఎంత ఆశతో వచ్చి ఉంటారో తెలుస్తుంది.

నల్ల బ్యాడ్జీ కూడా బ్యాడ్జీయేనా? అది ఉత్త గుడ్డ ముక్క కదా?

మా సేకరణలో నాకు అన్నిటికన్నా విలువైనది ఆ గుడ్డ ముక్కే.

"ఉద్యోగులు నల్ల బ్యాడ్జీలు ధరించి నిరసన తెలిపారు" అనే వార్త చదవని తెలుగువాడు ఉండడు. దాని మీద బొమ్మ ఉండదు, నినాదం ఉండదు, అచ్చు వేసినవాళ్ల పేరు ఉండదు. వేలెడు నల్ల రిబ్బను, ఒక గుండుసూది. పని ఆపకుండానే కోపం చెప్పే పద్ధతి అది. రోగికి సూది వేస్తున్న నర్సమ్మ, టిక్కెట్టు కొడుతున్న కండక్టరు, పాఠం చెబుతున్న అయ్యవారు, ముగ్గురూ ఎవరి పని వాళ్లు చేస్తూనే ఉంటారు. కానీ ఎదురుగా కూర్చున్నవాడి చూపు జేబు మీదికి పోతుంది. "ఏమైంది సార్?" అని అడుగుతాడు. ఆ ప్రశ్న పుట్టించడమే దాని పని.

ఇట్లా పేరు లేని గుర్తులు లోకంలో ఇంకా ఉన్నాయి. 1940లో జర్మనీ సైన్యం నార్వేని ఆక్రమించినప్పుడు అక్కడి విద్యార్థులు కోటుకు పేపర్ క్లిప్పు తగిలించుకున్నారు. కాగితాలను కలిపి ఉంచేది కదా, మేమూ అట్లే కలిసి ఉన్నాం అని. పోలండులో 1981 డిసెంబరులో సైనిక పాలన విధించి సాలిడారిటీ కార్మిక సంఘాన్ని అణచివేసినప్పుడు, రేడియోల్లో వాడే చిన్న రెసిస్టర్‌ను చొక్కాకు గుచ్చుకుని తిరిగారు. విద్యుత్తును అడ్డుకునే భాగం అది. దాన్ని పెట్టుకున్నవాడు ఏం చెబుతున్నాడో పోలీసుకూ తెలుసు, కానీ నేరం అనడానికి అక్కడ ఒక్క అక్షరం లేదు. మన నల్ల రిబ్బను ఆ కుటుంబంలోదే.

మా దగ్గర ఉన్నవాటిలో ఎక్కువ 2013వి. జులై 30న రాష్ట్ర విభజన నిర్ణయం వెలువడ్డాక, ఆగస్టు నుంచి అక్టోబరు దాకా ఉద్యోగులు సమ్మెలో ఉన్నారు, ఆర్టీసీ బస్సులు ఆగిపోయాయి. ఒక బడి అయ్యవారు ఇచ్చిన రిబ్బనుకు వరసగా జతలు జతలుగా చిల్లులున్నాయి. రోజూ ఇంటికి వెళ్లగానే తీసి, పొద్దున ఉతికిన చొక్కాకు మళ్లీ గుచ్చుకునేవాడట. కొన్నిచోట్ల గుడ్డ బలహీనపడి చిల్లు చీలికైంది, అక్కడ వదిలేసి పక్కన కొత్తగా గుచ్చాడు. ఆ చిల్లులు లెక్కపెట్టాలని నేను రెండుసార్లు కూర్చున్నాను. ఒకదాని మీద ఒకటి పడి కలిసిపోవడంతో లెక్క తేలలేదు.

అదే అరలో, ఆ రిబ్బను పక్కనే, "జై తెలంగాణ" అని రాసిన గులాబీ రంగు బ్యాడ్జీ ఉంది. తిరుపతిలో అది ఎందుకని ఒకాయన కోప్పడ్డాడు. రెండూ ఒకే కాలానివి, రెండూ మన భాష మాట్లాడే మనుషుల జేబుల మీదివే. ఒకటి తీసేస్తే రెండోది అర్థం కాదు.

ప్రపంచంలో పేరున్న నిరసన బ్యాడ్జీలు ఏవైనా చూపిస్తారా?

కొన్నిటి ఫొటోలు పెట్టాం. 1958లో బ్రిటన్‌లో అణ్వాయుధాల వ్యతిరేక ఉద్యమానికి జెరాల్డ్ హోల్టమ్ గీసిన శాంతి గుర్తు ఇప్పుడు మన పిల్లల టీషర్టుల మీద కూడా ఉంది. దాని తొలి బ్యాడ్జీలను తెల్ల బంకమట్టితో చేసి, నల్ల రంగు గీసి, కాల్చారు. అణుయుద్ధం వస్తే మంటల్లో మిగిలే కొద్ది వస్తువుల్లో ఇదొకటి అని చెప్పి మరీ పంచారు. చిత్తూరు జిల్లా వాళ్లకు కాల్చిన మట్టి సంగతి వేరే చెప్పాలా, పలమనేరు బొమ్మలు చూసిన కళ్లు కదా.

అమెరికాలో నల్లజాతివాళ్ల హక్కుల కోసం 1963 ఆగస్టు 28న జరిగిన వాషింగ్టన్ యాత్రలో పెట్టుకున్న బ్యాడ్జీ మీద ఒక నల్ల చెయ్యి, ఒక తెల్ల చెయ్యి కరచాలనం చేస్తుంటాయి. 1975లో డెన్మార్కులో పుట్టిన "అణువిద్యుత్తా? వద్దు, థాంక్స్" బ్యాడ్జీ మీద నవ్వే సూర్యుడు ఉంటాడు. కాదని చెప్పడానికి కోపపు ముఖమే అక్కర్లేదని అది చూశాకే నాకు తోచింది.

మా ఇంట్లో ఒక పాత బ్యాడ్జీ దొరికింది. తెచ్చి ఇవ్వచ్చా?

తప్పకుండా తీసుకురండి. తెచ్చే ముందు ఒక్క పని చేయండి: దాన్ని కడగకండి, తుడవకండి, పిన్ను సరిచేయకండి. దొరికిన డబ్బా, సంచి, చుట్టిన కాగితం ఏది ఉంటే అది కూడా తీసుకురండి.

ఎందుకంటే, పుంగనూరు వైపు నుంచి ఒకామె తన తండ్రి వక్కాకు సంచి తెచ్చింది. "పారేయబోతా ఉంటి సార్, మా పాప వద్దనింది" అంటూ తీసి బల్ల మీద పెట్టింది. సంచి లోపలి అరలో ఆవూ దూడా బ్యాడ్జీ. అసలు పిన్ను ఊడిపోతే దారంతో పిన్నీసు కట్టుకున్నాడు. అంచున ఒక పక్క తెల్లగా సున్నం పట్టేసింది, మరో పక్క కాగితం వక్క రంగుకు తిరిగింది. ఆమెను కూర్చోబెట్టి అడిగితే మెల్లగా చెప్పింది. 1978లో గుర్తు మారి హస్తం వచ్చినప్పుడు ఊళ్లో అందరికీ కొత్త బ్యాడ్జీలు ఇచ్చారట. ఆయన తీసుకుని పక్కన పెట్టేసి, "నేను ఓటేసింది ఆవుకి" అన్నాడట. పోయేదాకా ఆ సంచి ఆయన నడుముకే ఉండింది.

ఆ సున్నం కడిగి ఉంటే మాకు మిగిలేది ఒక మామూలు బ్యాడ్జీ.

అందుకని, వస్తువుతో పాటు మీకు తెలిసినంత చెప్పండి: ఎవరిది, ఏ ఊరు, ఏ పని చేసేవారు, ఏ సభకు పెట్టుకున్నారు, తర్వాత ఎందుకు తీశారు. చివరి ప్రశ్నకు వచ్చే జవాబులే చాలా గొప్పగా ఉంటాయి. పేరు బయటికి రాకూడదంటే రాయం. ఇవ్వడం ఇష్టం లేకపోతే ఫొటో తీసుకుని, మాటలు రాసుకుని తిరిగి ఇచ్చేస్తాం.

కొంటారా? ధర ఎంత ఉంటుంది?

కొనం, అమ్మం, ధర కట్టం.

ఇంట్లోనే ఉంచుకుంటే చెడిపోకుండా ఎలా చూసుకోవాలి?

శత్రువు తేమ. తిరుపతిలో అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మరీ జాగ్రత్త. రేకు అంచు మడతలో తేమ చేరితే తుప్పు లోపలి నుంచి మొదలవుతుంది, పైకి కనపడేసరికి కాగితం మీద గోధుమ రంగు వలయం వచ్చేసి ఉంటుంది.

ఇది నేను నష్టపోయి నేర్చుకున్నాను. 2021 నవంబరు వరదల్లో మా వీధిలోకి నీళ్లొచ్చాయి. బీరువా అడుగు అరలో అట్టపెట్టెలు పెట్టింది నేనే. తెల్లారి తీసి చూస్తే అట్ట మెత్తగా పిండిలా చేతికొచ్చింది. బ్యాడ్జీలను నూలు గుడ్డ మీద పరిచి ఫ్యాను కింద ఆరబెట్టాం, ఎండలో పెట్టలేదు. పైకి బాగానే ఆరాయి. కానీ ప్లాస్టిక్ పొర కింద దూరిన నీటికి బయటికి దారి లేదు. కొన్ని వారాల్లో ఒక్కొక్కటే లోపల నల్లబడింది. వాటిని కూడా పారేయలేదు, విడిగా ఒక అరలో ఉన్నాయి. ఇప్పుడు మోకాలి ఎత్తుకు కింద ఏమీ పెట్టడం లేదు.

ఇంట్లో అయితే మూత గట్టిగా పట్టే డబ్బాలో తేమ పీల్చే సిలికా జెల్ పొట్లాలతో ఉంచండి, పొట్లాలను అప్పుడప్పుడు మార్చండి. వార్తాపత్రికలో చుట్టకండి, అందులోని ఆమ్లం కాగితాన్ని పసుపు చేస్తుంది. మెత్తటి పీవీసీ కవర్లు వద్దు, కొన్నాళ్లకు జిడ్డు వదిలి అతుక్కుంటాయి. ఇత్తడి బ్యాడ్జీని చింతపండుతో తోమాలని చెయ్యి లాగుతుంది, నాకు తెలుసు. పూజ సామాను కాదు అది, తోమితే అక్షరాల అంచులు అరిగిపోతాయి. తుప్పుకు కిరసనాయిలు కూడా వద్దు.

సెల్యులాయిడ్ బ్యాడ్జీ ఉంటే మిగతావాటికి దూరంగా, గాలి ఆడే చోట పెట్టండి. పాతబడేకొద్దీ అది ఆమ్లపు ఆవిరి వదులుతుంది, పక్కనున్న రేకును తినేస్తుంది. చాలా తేలిగ్గా అంటుకుంటుంది కూడా. దేవుడి గూటి పక్కన, దీపం దగ్గర అసలు ఉంచకండి. మేం రుద్దడం మానేసింది ఇందుకే.

నకిలీవి వస్తుంటాయా?

వస్తాయి. పాత గుర్తును కొత్తగా అచ్చు వేసి తెస్తారు. భూతద్దంలో ఇప్పటి ఇంక్‌జెట్ చుక్కలు ఇసుక చల్లినట్టు చెల్లాచెదురుగా ఉంటాయి. పాత ఆఫ్‌సెట్ అచ్చులో చుక్కలు వరసలో, చిన్న చిన్న పువ్వుల్లా కూర్చుంటాయి. వెనక రేకు తళతళా మెరుస్తూ ముందు కాగితం మాత్రం టీ డికాషన్‌లో ముంచినట్టు ఉంటే అనుమానించాల్సిందే. కానీ తెచ్చినవాళ్లను మోసగాళ్లని అనుకోం. ఎక్కువసార్లు వాళ్లూ నమ్మి కొన్నవాళ్లే.

తిరుమలకు బ్యాడ్జీ పెట్టుకుని వెళ్లచ్చా? పోలింగ్ రోజు పెట్టుకోవచ్చా?

రాజకీయ పార్టీల గుర్తులను కొండ మీదికి అనుమతించరు, అలిపిరి తనిఖీ దగ్గరే తీయిస్తారు. దీనివల్ల మాకు ఒక కానుక దొరికింది. కొండకు జీపు నడిపే ఒక డ్రైవరన్న, ప్రయాణికులు తీసి సీట్లో మరిచిపోయిన బ్యాడ్జీలను ఒక టిఫిన్ డబ్బాలో వేస్తూ వచ్చాడు. ఒకరోజు ఆ డబ్బా తెచ్చి బల్ల మీద బోర్లించాడు. సైకిలు, ఫ్యాను, హస్తం, కమలం, తమిళనాడు నుంచి వచ్చిన ఉదయ సూర్యుడు, రెండాకులు, అన్నీ ఒకదానికొకటి పిన్నులు చిక్కుకుని ఉన్నాయి. విడదీయకుండా అట్లాగే అద్దం కింద పెట్టాం. పిల్లలు ముందు దాని దగ్గరికే పరిగెత్తుతారు.

పోలింగ్ రోజు కేంద్రానికి 100 మీటర్ల లోపల ఓట్ల ప్రచారం ప్రజా ప్రాతినిధ్య చట్టం 130వ సెక్షన్ ప్రకారం నేరం. ప్రచార గుర్తులు ప్రదర్శించడం కూడా అందులోకే వస్తుంది. బ్యాడ్జీ ఇంట్లో పెట్టి వెళ్లండి.

ఏ పార్టీ వైపు ఉంటారు మీరు?

గోడ మీద ఏ పార్టీకీ పెద్ద చట్రం లేదు. కాలం వరసలో ఉంటాయి తప్ప గెలిచిన వరసలో ఉండవు. ఓడిపోయిన పార్టీల బ్యాడ్జీలను ఇంట్లో దాచేవాళ్లు తక్కువ కాబట్టి వాటి కోసం కాస్త ఎక్కువ తిరుగుతాం.

మీకు ఇంకా దొరకనిది ఏమిటి?

1962 నాటి నక్షత్రం. ఆ ఏడు చిత్తూరు నుంచి లోక్‌సభకు నెగ్గిన మాడభూషి అనంతశయనం అయ్యంగారు బీహారు గవర్నరుగా వెళ్లారు. ఖాళీ అయిన స్థానానికి ఉప ఎన్నిక జరిగి స్వతంత్ర పార్టీ నాయకుడు ఎన్.జి. రంగా గెలిచారు. పార్టీ గుర్తు నక్షత్రం. మన పాత చిత్తూరు జిల్లా ఊళ్లల్లో తిరిగిన ఎన్నిక అది, అప్పుడు ఓటేసినవాళ్లకు ఇప్పుడు ఎనభై దాటి ఉంటుంది. వాళ్ల ట్రంకు పెట్టెల్లో, కుట్టుమిషను సొరుగుల్లో, పాత పంచాంగాల మధ్య ఒకసారి చూడండి. రంగు వెలిసినా, పిన్ను విరిగినా, సగమే మిగిలినా పరవాలేదు. కబురు చేస్తే మేమే మీ ఊరు వస్తాం.